జవాబు కోసం వెతక్కండి... ఊహించి, ‘సరిపోతుందా?’ అని అడగండి!

కోడింగ్ కాంటెస్టుల్లోనూ, ప్లేస్‌మెంట్ టెస్టుల్లోనూ తరచూ ఎదురయ్యే ఓ రకం ప్రశ్న ఉంది. చూస్తే చాలా కష్టంగా ఉంటుంది. కిటుకు తెలిస్తే మాత్రం ఇరవై లైన్ల కోడ్‌తో అయిపోతుంది. దాని పేరు ‘బైనరీ సెర్చ్ ఆన్ ద ఆన్సర్’. ఆ కిటుకేంటో, అది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ దెబ్బకొడుతుందో చూద్దాం.

రైతు జాన్ కొత్తగా పెద్ద పశువుల కొట్టం కట్టించాడు. అందులో వరసగా గదులు. కొన్ని దగ్గర దగ్గరగా, కొన్ని దూర దూరంగా ఉన్నాయి. ఆవులకేమో ఆ కొట్టం నచ్చలేదు. పక్కన ఇంకో ఆవు కనిపిస్తే చాలు, కొమ్ములు విసురుతున్నాయి. అవి ఒకదాన్నొకటి పొడుచుకోకుండా ఉండాలంటే వీలైనంత ఎడంగా కట్టేయాలి. మరి ఏ రెండు ఆవుల మధ్యైనా ఉండే అతి తక్కువ దూరాన్ని ఎంత వరకూ పెంచగలం?

ఈ ప్రశ్న పేరు ‘అగ్రెసివ్ కౌస్’. అమెరికాలో స్కూలు విద్యార్థుల కోసం జరిగే కంప్యూటింగ్ ఒలింపియాడ్ ‘యూసాకో’లో 2005 ఫిబ్రవరిలో ఇచ్చారు. ఆ పోటీల్లో రైతు జాన్, అతని ఆవులు ఎప్పుడూ కనిపించే పాత్రలే. తర్వాత ఇది ‘స్పోజ్’ సైట్లోకి వచ్చింది, ఇంటర్వ్యూ ప్రిపరేషన్ లిస్టుల్లోకీ ఎక్కింది. కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లలో ఈ ఆవులు ఎదురుపడనివాళ్లు తక్కువే.

చూడ్డానికి చిన్నదే, కానీ...

ముందు చిన్న ఉదాహరణ తీసుకుందాం. గదులు 1, 2, 4, 8, 9 అనే స్థానాల్లో ఉన్నాయి. ఆవులు మూడు. ఎక్కడెక్కడ కట్టాలి?

కాసేపు ఆలోచిస్తే చేతితోనే చెప్పేయొచ్చు. ఒకటి 1లో, ఒకటి 4లో, ఒకటి 8లో. మొదటి రెండిటి మధ్య దూరం 3, తర్వాతి రెండిటి మధ్య 4. అంటే అతి తక్కువ దూరం 3. ఇంతకంటే బాగా కట్టడం కుదరదు. జవాబు 3.

అసలు ప్రశ్నలో మాత్రం గదులు లక్ష వరకూ ఉండొచ్చు. వాటి స్థానాలు వంద కోట్ల దాకా వెళ్తాయి. ఇక్కడ చేతిలెక్క పనిచేయదు. మామూలుగా తట్టే ఆలోచన ఏంటి? ‘దూరం 1 కుదురుతుందా? 2 కుదురుతుందా? 3?’ అంటూ ఒక్కో దూరాన్నీ పరీక్షించుకుంటూ పోవడం. ఒక్కో పరీక్షకీ లక్ష గదుల్నీ ఒకసారి చూడాలి. దూరాలు వంద కోట్లు, గదులు లక్ష. గుణిస్తే కోటి కోట్ల అడుగులు. సెకనుకి పది కోట్ల అడుగులు వేసే కంప్యూటర్‌కి కూడా పదకొండు రోజుల పైనే పడుతుంది. టెస్టులో మనకి దొరికేది ఒకటి, రెండు సెకన్లు.

తెరమీద ఎర్రగా ‘టైమ్ లిమిట్ ఎక్సీడెడ్’ అని పడేది ఇలాంటప్పుడే. కోడ్ తప్పు కాదు. శాంపిల్ టెస్టులన్నీ పాసవుతాయి. కానీ దాచిపెట్టిన పెద్ద టెస్టుల దగ్గర ఆగిపోతుంది. ప్లేస్‌మెంట్ రౌండ్లో ఇద్దరూ లాజిక్ సరిగ్గానే రాసినా, ఒకరు తర్వాతి రౌండ్‌కి వెళ్లి ఇంకొకరు ఇంటికెళ్లడానికి ఇదో ప్రధాన కారణం.

ప్రశ్నని తిప్పి అడిగితే?

కిటుకు ఇక్కడుంది. ‘గరిష్ఠ దూరం ఎంత?’ అనే ప్రశ్న కష్టం. కానీ ‘కనీసం 5 దూరం ఉండేలా మూడు ఆవుల్నీ కట్టగలమా?’ అనే ప్రశ్న చాలా తేలిక. దానికి జవాబు అవును లేదా కాదు. అంతే.

ఎలా తేల్చాలి? మొదటి ఆవుని మొదటి గదిలోనే కట్టేయండి. అక్కడి నుంచి కుడివైపు నడుచుకుంటూ వెళ్లండి. కనీసం 5 దూరంలో ఉన్న మొదటి గది కనబడగానే రెండో ఆవుని కట్టండి. మళ్లీ అక్కడి నుంచి 5. ఇలా చివరిదాకా వెళ్లాక అన్ని ఆవులకీ చోటు దొరికితే ‘అవును’, లేకపోతే ‘కాదు’. గదుల్ని ముందే చిన్న స్థానం నుంచి పెద్ద స్థానం వరకూ సార్ట్ చేసి పెట్టుకుంటే, లక్ష గదులకైనా ఒక్క నడకతో తేలిపోతుంది.

ఇక్కడ ఓ అనుమానం రావాలి. మొదటి ఆవుని మొదటి గదిలోనే ఎందుకు కట్టాలి? రెండో గదిలో కడితే లాభం ఉండదా? ఉండదు. సరిగ్గా కుదిరిన ఏర్పాటు ఏదైనా తీసుకోండి. అందులో మొదటి ఆవు ఎక్కడున్నా సరే, దాన్ని ఎడమ చివరికి జరిపామనుకోండి. దానికీ రెండో ఆవుకీ మధ్య దూరం పెరుగుతుందే గానీ తగ్గదు. రెండో ఆవుదీ ఇదే వాదన. దాన్ని అనుమతించిన మేరకు ఎడమకి జరిపితే, వెనకొచ్చే ఆవులకి ఇంకా ఎక్కువ చోటు మిగులుతుంది. అందుకే ‘దొరికిన మొదటి గదిలో కట్టేయ్’ అనే ఈ అత్యాశ పద్ధతి, అంటే గ్రీడీ, ఇక్కడ నిర్భయంగా వాడొచ్చు. ఇంటర్వ్యూలో కోడ్ రాశాక ‘ఇది కరెక్టని ఎలా చెప్తావ్?’ అని అడిగితే చెప్పాల్సిన జవాబు ఇదే.

ముప్ఫై ప్రశ్నలు చాలు

చిన్నప్పుడు ఆడిన ఆట గుర్తుందా? ఒకరు 1 నుంచి 100 లోపు ఓ అంకె అనుకుంటారు. మనం ఊహించి చెప్తే ‘ఇంకా పెద్దది’, ‘ఇంకా చిన్నది’ అంటారు. తెలివైనవాళ్లు 1, 2, 3 అని మొదలుపెట్టరు. 50 అంటారు. ఒక్క మాటతో సగం అంకెలు ఎగిరిపోతాయి. మళ్లీ మిగిలినదాంట్లో సగం. ఇలా ఏడు ఊహల్లో ఏ అంకె అయినా దొరికిపోతుంది.

అదే బైనరీ సెర్చ్. మన ఆవుల లెక్కకీ ఇదే వాడదాం. ఎందుకు కుదురుతుందంటే, 5 దూరం సాధ్యమైతే 4, 3, 2 కూడా కచ్చితంగా సాధ్యమే. 5 సాధ్యం కాకపోతే 6, 7, 8 అసలే కావు. దూరాలన్నిటినీ వరసగా రాస్తే ముందు అన్నీ ‘అవును’లు, ఓ చోట నుంచి అన్నీ ‘కాదు’లు వస్తాయి. మధ్యలో ఎక్కడా కలగాపులగం ఉండదు. ఆ గీత ఎక్కడ మారుతుందో పట్టుకుంటే, చివరి ‘అవును’ దగ్గరే మన జవాబు ఉంటుంది.

వంద కోట్ల దూరాల్లో ఆ గీతని పట్టుకోవడానికి ఎన్ని ప్రశ్నలు కావాలి? ముప్ఫై. నిజంగానే ముప్ఫై. వంద కోట్లని సగం చేస్తూ పోతే ముప్ఫయ్యోసారికి ఒకటే మిగులుతుంది. ఒక్కో ప్రశ్నకి లక్ష అడుగులు, మొత్తం ముప్ఫై లక్షల అడుగులు. ముందు చేసే సార్టింగ్‌ని కలుపుకున్నా సెకనులో చిన్న ముక్కలోనే అయిపోతుంది. పదకొండు రోజుల పని రెప్పపాటుకి వచ్చేసింది!

అడుగడుగూ చూద్దాం

మన చిన్న ఉదాహరణనే ఇప్పుడు ఈ పద్ధతిలో చేద్దాం. గదులు 1, 2, 4, 8, 9. ఆవులు 3. దూరం తక్కువలో తక్కువ 1, ఎక్కువలో ఎక్కువ 8, అంటే 9 నుంచి 1 తీసేస్తే వచ్చేది. దిగువ హద్దుని ‘లో’ అని, ఎగువ హద్దుని ‘హై’ అని, మధ్యదాన్ని ‘మిడ్’ అని పిలుద్దాం.

మొదటి ప్రశ్న: లో 1, హై 8. మిడ్ 5. ఆవు 1లో కట్టాం. తర్వాత 6 లేదా ఆపైన ఉన్న గది 8. అక్కడ రెండోది. ఆ తర్వాత 13 పైన గదే లేదు. రెండు ఆవులే పట్టాయి. జవాబు ‘కాదు’. అంటే 5 నుంచి 8 వరకూ అన్నీ పోయాయి. హై ఇప్పుడు 4.

రెండో ప్రశ్న: లో 1, హై 4. మిడ్ 3. ఆవులు 1లో, 4లో, 8లో. మూడూ పట్టాయి. ‘అవును’. 3 సాధ్యమే, ఇంకా పెద్దది ఉందేమో చూడాలి. లో ఇప్పుడు 3.

మూడో ప్రశ్న: లో 3, హై 4. మిడ్ 4. ఆవులు 1లో, 8లో. తర్వాత 12 పైన గది లేదు. ‘కాదు’. హై ఇప్పుడు 3.

లో, హై రెండూ 3 దగ్గర కలిశాయి. జవాబు 3. మూడే మూడు ప్రశ్నలు!

గమనించారా? మనం ఎక్కడా ‘ఉత్తమమైన ఏర్పాటు ఏది?’ అని ఆలోచించలేదు. ఓ అంకె ఊహించాం, సరిపోతుందా అని అడిగాం, సగం కొట్టేశాం. అంతే.

తక్కువ కావాలన్నా ఇదే దారి

‘లీట్‌కోడ్’లో 875వ ప్రశ్న చూడండి. కోకోకి అరటిపళ్లంటే ప్రాణం. కుప్పలుగా పళ్లున్నాయి. కాపలావాళ్లు ఇన్ని గంటల్లో తిరిగొస్తారు. కోకో గంటకి ఓ కుప్ప దగ్గర మాత్రమే కూర్చుంటుంది. ఆ గంటలో కుప్ప అయిపోయినా ఇంకో కుప్ప దగ్గరికి వెళ్లదు. కాపలావాళ్లు వచ్చేలోగా అన్నీ తినేయాలంటే, గంటకి కనీసం ఎన్ని పళ్ల వేగంతో తినాలి?

కుప్పల్లో 3, 6, 7, 11 పళ్లు, చేతిలో 8 గంటలు అనుకుందాం. ఇక్కడ పరీక్ష ఇంకా సులువు. వేగం 4 అయితే కుప్పలకి వరసగా 1, 2, 2, 3 గంటలు. మొత్తం 8. సరిపోయింది. వేగం 3 అయితే 1, 2, 3, 4 గంటలు. మొత్తం 10. సరిపోదు. కాబట్టి జవాబు 4.

ఆవుల లెక్కలో ముందు ‘అవును’లు, తర్వాత ‘కాదు’లు. ఇక్కడ తిరగబడింది. నెమ్మదిగా తింటే ‘కాదు’, ఓ వేగం దాటాక అన్నీ ‘అవును’. మనకి కావాల్సింది మొదటి ‘అవును’. 1 నుంచి 11 వరకూ ఉన్న వేగాల్లో 6, 3, 5, 4 అని నాలుగు ప్రశ్నలడిగితే దొరికిపోతుంది. కావాలంటే పేపర్ మీద వేసి చూడండి.

అన్ని చోట్లా పనిచేస్తుందా?

పనిచేయదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కిటుకు కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో ప్రతి ప్రశ్న మీదా వేసేస్తారు.

ఓ మిర్చి బజ్జీ బండి ఊహించుకోండి. బజ్జీ రెండు రూపాయలకి అమ్మితే నష్టం. పది రూపాయలకి అమ్మితే మంచి లాభం. నలభై అంటే ఎవరూ కొనరు, మళ్లీ నష్టం. ఇప్పుడు ‘ఈ ధరకి రోజుకి 500 రూపాయల లాభం వస్తుందా?’ అని అడుగుతూ పోతే జవాబులు కాదు, అవును, కాదు అని వస్తాయి. మిడ్ దగ్గర ‘కాదు’ అని తేలింది. ఇప్పుడు ధర పెంచాలా, తగ్గించాలా? ఆ ‘కాదు’ ఏ వైపుదో తెలీదు. ఏ సగాన్ని పారేయాలో చెప్పలేం. బైనరీ సెర్చ్ అక్కడితో కుప్పకూలుతుంది. ఇలా ఎక్కి, శిఖరం చేరి, దిగే ఆకారానికి ‘టెర్నరీ సెర్చ్’ లాంటి వేరే పద్ధతులున్నాయి.

కాబట్టి కోడ్ మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ‘ఈ అంకె కుదిరితే, దీనికంటే తేలికైన అంకెలన్నీ కూడా కుదురుతాయా?’ కచ్చితంగా అవునంటేనే ముందుకెళ్లండి. దీన్నే ‘మోనోటోనిక్’ గుణం అంటారు. పేరు గుర్తులేకపోయినా ఫర్వాలేదు, పరీక్ష గుర్తుంటే చాలు.

మహామహులే తడబడ్డారు!

ఆలోచన ఇంత సులువు కదా, కోడ్ ఎంతసేపు అనుకుంటున్నారా? చరిత్ర వేరేలా చెప్తోంది. బైనరీ సెర్చ్ గురించి జాన్ మోక్లీ 1946లోనే మాట్లాడారు. తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ‘ఎనియాక్’ని తయారుచేసినవాళ్లలో ఆయనొకరు. జాన్ బెంట్లీ ‘ప్రోగ్రామింగ్ పెర్ల్స్’ పుస్తకంలో ఓ ముచ్చట చెప్పారు. వందమందికి పైగా ప్రొఫెషనల్ ప్రోగ్రామర్లకి బైనరీ సెర్చ్ రాయమని రెండు గంటలు టైమిస్తే, 90 శాతం మంది కోడ్‌లో తప్పులు దొరికాయట.

అక్కడితో అయిపోలేదు. 2006 జూన్‌లో జాషువా బ్లాక్ ఇంకో సంగతి బయటపెట్టారు. జావా లైబ్రరీలో ఆయన స్వయంగా రాసిన బైనరీ సెర్చ్‌లో ఓ బగ్ తొమ్మిదేళ్లపాటు ఎవరికీ కనబడకుండా ఉండిపోయింది. బెంట్లీ పుస్తకంలోని కోడ్‌లో కూడా అదే బగ్!

ఏంటా బగ్? మిడ్ కనుక్కోవడానికి లో, హై రెండూ కూడి రెండుతో భాగించడం. స్కూల్లో నేర్చుకున్న సగటే కదా, తప్పేంటి? మామూలు 32 బిట్ల ‘ఇంట్’లో పట్టే అతి పెద్ద అంకె 2,147,483,647. అంటే సుమారు 214 కోట్లు. లో 150 కోట్లు, హై 200 కోట్లు అయితే మొత్తం 350 కోట్లు. ఆ డబ్బాలో పట్టదు. పొంగిపోయి నెగెటివ్ అంకె అయి కూర్చుంటుంది. ఆవుల ప్రశ్నలో హద్దు వంద కోట్లే కాబట్టి మొత్తం 200 కోట్లు దాటదు, అదృష్టవశాత్తూ సరిపోతుంది. అందుకే అక్కడ బగ్ బయటపడదు. తర్వాతి ప్రశ్నలో ముంచుతుంది. మందు చిన్నదే. లో + (హై − లో) / 2 అని రాస్తే ఎప్పుడూ పొంగదు.

ఇంకో మూడు గోతులు కూడా చూసి నడవండి.

ఒకటి, ఆగని లూప్. ఆవుల లెక్కలో మూడో ప్రశ్న దగ్గర లో 3, హై 4 ఉంది. అప్పుడు మిడ్‌ని కిందికి రౌండ్ చేసి 3 అనుకున్నారనుకోండి. 3కి ‘అవును’, కాబట్టి లో మళ్లీ 3. మళ్లీ మిడ్ 3. మళ్లీ ‘అవును’. తెల్లార్లూ అదే తిరుగుడు! చివరి ‘అవును’ కావాలంటే మిడ్‌ని పైకి రౌండ్ చేయాలి, అంటే లో + (హై − లో + 1) / 2. కోకో లెక్కలాగా మొదటి ‘అవును’ కావాలంటే కిందికి రౌండ్ చేస్తే చాలు. రాశాక లో, హై పక్కపక్క అంకెలైనప్పుడు ఏమవుతుందో ఒక్కసారి చేత్తో వేసి చూసుకోండి. సగం బగ్‌లు అక్కడే దొరుకుతాయి.

రెండు, పరీక్షలో వచ్చే మొత్తాలు. కోకో ప్రశ్నలో కుప్పలు పది వేల వరకూ, ఒక్కో కుప్పలో వంద కోట్ల పళ్ల వరకూ ఉండొచ్చు. వేగం 1 అయితే గంటలు పది లక్షల కోట్లు. మిడ్ ఎంత జాగ్రత్తగా రాసినా ఈ గంటల్ని ‘ఇంట్’లో కూడితే గోవిందా. సీ ప్లస్ ప్లస్‌లో ‘లాంగ్ లాంగ్’, జావాలో ‘లాంగ్’ వాడండి. పైథాన్ వాళ్లకి ఈ బాధ లేదు.

మూడు, హద్దులు. లీట్‌కోడ్ 410వ ప్రశ్న చూడండి. 7, 2, 5, 10, 8 అనే అంకెల్ని వరస చెదరకుండా రెండు భాగాలు చేయాలి. పెద్ద భాగం మొత్తం వీలైనంత తక్కువగా ఉండాలి. 7, 2, 5 ఒక భాగం, 10, 8 ఇంకో భాగం. మొత్తాలు 14, 18. జవాబు 18. ఇక్కడ లో ఎంత? 1 కాదు, 10. ఎందుకంటే 10 అనే అంకె ఏదో ఒక భాగంలో ఉండి తీరాలి కాబట్టి జవాబు అంతకంటే తగ్గదు. హై అన్నిటి మొత్తం, 32. లో 1 అని పెడితే, హద్దుకంటే పెద్ద అంకె ఒంటరిగా ఓ భాగంలో దూరిపోయి, మీ పరీక్ష తప్పుగా ‘అవును’ అనే ప్రమాదం ఉంది.

ప్రశ్న చూడగానే ఎలా గుర్తుపట్టాలి?

ప్రశ్నలో ‘మాగ్జిమైజ్ ద మినిమమ్’ లేదా ‘మినిమైజ్ ద మాగ్జిమమ్’ అని కనబడితే ముందు ఈ కిటుకునే అనుమానించండి. ‘కనీసం ఎంత వేగం’, ‘కనీసం ఎన్ని రోజులు’, ‘కనీసం ఎంత కెపాసిటీ’ అన్నా అంతే. ఇన్‌పుట్ హద్దుల్ని కూడా చూడండి. జవాబు వంద కోట్ల దాకా వెళ్లొచ్చు, ఐటమ్స్ లక్ష ఉన్నాయంటే ప్రశ్న రాసినాయన మీకు సైగ చేస్తున్నట్టే.

ప్రాక్టీస్‌కి ఓ వరస: ముందు కోకో. తర్వాత లీట్‌కోడ్ 1011, అందులో ఓడలోకి సరుకుని ఇన్ని రోజుల్లో ఎక్కించాలి. ఆ తర్వాత స్పోజ్‌లో ఆవులు, అక్కడే చెట్లు నరికే ‘ఏకో’. అవి అయ్యాక ‘సీఎస్ఈఎస్’ సైట్లో ‘ఫ్యాక్టరీ మెషీన్స్’. మూడు మెషీన్లు ఒక్కో వస్తువుకి 3, 2, 5 సెకన్లు తీసుకుంటే 7 వస్తువులు ఎంతసేపట్లో తయారవుతాయి? 8 సెకన్లలో వరసగా 2, 4, 1 తయారై, మొత్తం 7. 7 సెకన్లలో 2, 3, 1 తయారై, ఆరే. జవాబు 8. ఇన్ని కథలు మారినా మారనిది బయటి లూప్. మారేది ‘సరిపోతుందా?’ అని అడిగే ఆ చిన్న ఫంక్షన్ ఒక్కటే.

అందుకే ఈ టాపిక్‌ని బట్టీ పట్టకండి. లూప్‌ని ఒకసారి సరిగ్గా రాసి అర్థం చేసుకోండి. ఆ తర్వాత మీ టైమ్ అంతా ఆ ఫంక్షన్ మీదే పెట్టండి. టెస్టులో ప్రశ్న చూసి బుర్ర ఆగిపోయినప్పుడు, ‘జవాబు ఎవరో చెప్పేశారనుకుందాం, అది కరెక్టో కాదో నేను తేల్చగలనా?’ అని అడిగి చూడండి. తేల్చగలిగితే, పని చాలావరకూ అయిపోయినట్టే. మిగతాది ముప్ఫై ప్రశ్నలు చూసుకుంటాయి.